బస్సెక్కే యూరప్

స్ప్లిట్‌లో బస్టాండూ రైల్వే స్టేషనూ ఓడరేవూ ఒకే వీధిలో పక్కపక్కనే ఉంటాయి. తెల్లవారుజామున ఆ వీధిలో కాసేపు నిలబడితే చాలు, ఎవరు ఎటు పోతారో సంచులే చెప్పేస్తాయి. చక్రాల సూట్‌కేసులు గడగడలాడించుకుంటూ వచ్చేవాళ్లంతా దీవుల ఓడ వైపు తిరుగుతారు. వాళ్ల టోపీలు కూడా కొత్తవే. బస్సుల దగ్గర జనం వేరు. టేపు చుట్టిన అట్టపెట్టెలు, మూతి ముడేసిన ప్లాస్టిక్ సంచులు, అంజూర పండ్ల బుట్ట, దుప్పటిలో చుట్టిన పాత కుట్టుమిషను. ఆ సామాను మధ్యలో నేనూ నా మేనకోడలూ, వీపుల మీద మా కంటే లావైన బ్యాగులతో.

పిల్ల మాగ్డెబుర్గ్‌లో ఎమ్మెస్ చదువుతోంది. 2024 ఆగస్టు ఆఖరు, దానికి సెలవులు. బస్సే ఎందుకంటే చవక. దానికి వేరే సిద్ధాంతమేమీ లేదు. పైగా స్ప్లిట్ దాటాక దక్షిణంగా సముద్రం వెంట రైలు పట్టాలే లేవు. పారిస్ నుంచో వియన్నా నుంచో రైలెక్కితే మన ఎదురుగా కూర్చునేది ల్యాప్‌టాప్ తెరిచిన మనిషి. ఈ బస్సుల్లో కూర్చునేవాళ్లు హోటళ్లలో పక్కలు సర్ది ఇంటికి పోయే ఆడవాళ్లు, కారు నడపడం మానేసిన ముసలివాళ్లు, ఇంకా కారు కొనలేని కుర్రాళ్లు. యూరప్ ఫొటోల్లో వీళ్లెవరూ ఉండరు.

ఆ రోజు మేం పోవాల్సింది సరయేవోకి. మ్యాపులో చూస్తే జానెడు దూరం.

డిక్కీ దగ్గర నిలబడిన కండక్టరు ఒక చేత్తో సిగరెట్టు పట్టుకుని రెండో చెయ్యి చాపాడు. టికెట్టు ఒకటి, లగేజీకి విడిగా రెండు యూరోలు, అదీ చేతిలోనే. కార్డు గీకుదామని మా పిల్ల ఫోను తీసింది. అతను ఆ ఫోనును జాలిగా చూశాడు. మా వెనకున్న ముసలమ్మ తన చిల్లర సంచి విప్పి, మా నోటు తీసుకుని నాణేలు ఇచ్చి, అవి మా పిల్ల అరచేతిలో లెక్కపెట్టి మరీ వేళ్లు మూసింది. భాష లేకుండానే మొదటి పాఠం అయిపోయింది. ఈ వైపు దేశాల్లో తిరిగేవాడి జేబులో నాణెం లేకపోతే లగేజీ ఎక్కదు, మరుగుదొడ్డి తలుపు తెరుచుకోదు.

కుడివైపు సీట్లు దొరికాయి, అంటే సముద్రం వైపు. యుగోస్లావియా రోజుల్లో, 1960ల్లో పూర్తి చేసిన తీరపు రోడ్డు అది. కొండ అంచుని గోరుతో గీకినట్టు ఉంటుంది. ఒమిష్ దగ్గర త్సెతినా నది రాతి గోడల్ని రెండుగా చీల్చుకుని సముద్రంలో పడుతుంది. ఒకప్పుడు సముద్రపు దొంగలు కాపురముండిన ఊరు. వాళ్లు అక్కడ ఎందుకు దాక్కున్నారో బస్సు కిటికీలోంచి చూసినా తెలుస్తుంది. ఆ చీలికలోకి దూరిన పడవ కనిపించదు. మకర్స్కా వచ్చేసరికి ఎడమవైపు బియోకోవో కొండ నిట్టనిలువుగా లేస్తుంది. దాని శిఖరం 1762 మీటర్లు, సముద్రం పక్కనే. తెల్లారి చాలాసేపైనా ఎండ ఇంకా కొండ వెనకే ఉంది. కింద నీళ్లు నీలంగా, రోడ్డు నీడలో, పైన బోడి రాయి మాత్రం తెల్లగా మెరుస్తూ. ఆ గంటన్నర నేను రెప్ప వాల్చలేదు. తర్వాత రోజంతా ఆ గంటన్నరే ఖర్చు పెట్టుకున్నాను.

బస్సు ప్రతి మలుపులోనూ ఆగింది. చెయ్యెత్తిన వాళ్లందరినీ ఎక్కించుకుంది. డ్రైవరుకి దారి పొడుగునా చుట్టాలే. ఒకచోట కవరు ఇచ్చాడు, ఒకచోట మందుల సంచి తీసుకున్నాడు. ప్లోచే రేవు దాటి నెరెత్వా నది మైదానంలోకి దిగాక రోడ్డు పక్క కొట్టు దగ్గర బండి ఆపి పుచ్చకాయ కొని, దాన్ని వేళ్లతో కొట్టి చూసి, తన సీటు వెనక పెట్టుకున్నాడు. ఎవరూ ఏమీ అనలేదు. అప్పటికే అరగంట ఆలస్యం.

రాయి తప్ప ఏమీ లేని తీరం తర్వాత ఆ మైదానం కంటికి నమ్మశక్యం కాదు. కాలవలతో గళ్లుగళ్లుగా కోసిన పచ్చటి నేల, ఆ కాలవల్లో చేనుకు చేరే చిన్న పడవలు, వరసలు వరసలుగా కమలా చెట్లు. కాయలింకా పచ్చిగా ఉన్నాయి, శరదృతువులో గానీ పండవు. కొట్ల ముందు తేనె సీసాలు, ఎండు అంజూరం దండలు, ఇంట్లో కాచిన సారా సీసాలు. అక్కడి నుంచి సరయేవో దారిలో సగం దూరం పైగా నెరెత్వా మాతోనే ఉంది, మేం ఎక్కే వైపుకు ఎదురుగా దిగుతూ.

మెట్కోవిచ్ దగ్గర సరిహద్దు. 2023 జనవరిలో క్రొయేషియా యూరోలోకీ, షెంగెన్ ఉమ్మడి సరిహద్దులోకీ ఒకేరోజు చేరింది. అంటే పక్క ఊరికి పెళ్లికి పోయే వాళ్లకు అది ఇప్పుడు మొత్తం షెంగెన్‌కే పొలిమేర. పోలీసు ఎక్కాడు. అందరి చేతుల్లోనూ కార్డులు. ఆయన వాటిని పేకముక్కల్లా ఒకటొకటిగా చూసుకుంటూ వచ్చి మా దగ్గర ఆగాడు. నీలం పాస్‌పోర్టులు రెండూ తీసుకుని దిగిపోయాడు. నాది పలుమార్లు రాకపోకల వీసా, పిల్లది జర్మనీ నివాసం కార్డు. ఆ రెండింటితో బోస్నియాలోకి వేరే వీసా లేకుండా పోవచ్చు. ఆ సంగతి మాకు తెలుసు, గదిలో కూర్చున్న అధికారికీ తెలుసు, అయినా పేజీలన్నీ తిప్పాలి.

బండి ఇంజను ఆపేశారు. ఇంజనుతో పాటు ఏసీ కూడా పోయింది. మళ్లీ బండి కదిలినా అది మాత్రం తిరిగి రాలేదు. నలభై మంది మా ఇద్దరి కోసం ఎండలో కూర్చున్నారు. నాకు తల ఎత్తాలంటే సిగ్గేసింది. ఎత్తి చూస్తే ఎవరి ముఖంలోనూ విసుగు లేదు. సిగరెట్టు తాగేవాళ్లు దిగి హాయిగా తాగుతున్నారు. ఉదయం చిల్లర ఇచ్చిన ముసలమ్మ బుట్టలోంచి నాలుగు అంజూరాలు తీసి నా ఒళ్లో పెట్టింది. వాళ్లలో సగం మందికి ఈ కాగితాల గదుల ముందు నిలబడిన అనుభవం నాకంటే ఎక్కువే ఉంటుంది. ఒకే దేశంలో పుట్టిన వాళ్లు, కదలకుండానే మూడు నాలుగు దేశాల వాళ్లైపోయారు. అవతల బోస్నియా గది ముందు మళ్లీ అదే తంతు. ఈసారి పోలీసు పాస్‌పోర్టులు తిరిగి ఇస్తూ, "ఇండియా, షారూఖ్ ఖాన్" అన్నాడు. అవును అన్నట్టు తలూపాను. ఏం చెప్పను, మన హీరోల పేర్లు చెప్పి బండిని ఇంకాసేపు ఆపనా?

సరిహద్దు దాటాక డబ్బు మారుతుంది. బోస్నియా నాణెం పేరు మార్కు. తొంభైల నాటి యుద్ధం అయ్యాక జర్మన్ మార్కుతో ముడివేసి పుట్టించిన డబ్బు. జర్మనీ తన మార్కును 2002లో మానేసింది. ఇక్కడది మాత్రం బతికే ఉంది, యూరోకి 1.95583 చొప్పున కట్టేసి. పిల్ల ఒక నాణెం తిప్పి చూసి, "మా దగ్గర ముసలోళ్లు కథలు చెప్పే మార్కు ఇదేనా అత్తా" అంది. ఒక దేశం డబ్బుకు ఇంకో దేశం డబ్బు తోబుట్టువులా ఉందంటే, దాని వెనక ఎంతమంది చెమట ఉందో నాకు సాయంత్రానికి గానీ అర్థం కాలేదు.

మోస్తార్‌లో దిగేసరికి మిట్టమధ్యాహ్నం. మేం ఎక్కాల్సిన రెండో బస్సు వెళ్లిపోయింది. కిటికీ అద్దం వెనకున్నావిడ మా మాట పూర్తిగా వినకుండానే గడియారం చూపించి చేతులు విదిల్చింది. కోపమొచ్చింది. మరుక్షణం ఆవిడే చీటీ మీద తర్వాతి బస్సు వేళ, ప్లాట్‌ఫాం అంకె పెద్ద అక్షరాలతో రాసి, కింద రెండు గీతలు గీసి ఇచ్చింది. ఈ ప్రాంతపు మర్యాద ఇలాగే ఉంటుందని అప్పటికి పట్టుబడింది. ముఖంలో నవ్వు ఉండదు, పని మాత్రం చేసిపెడతారు. పడమటి యూరప్ కౌంటర్ల దగ్గర నాకు ఎదురైంది చాలాసార్లు దీనికి తలకిందులు.

మందుల షాపు ఆకుపచ్చ శిలువ బోర్డు మీద 39 డిగ్రీలు. మూడు గంటలు బస్టాండులో కూర్చోవడం మా పిల్లకు ఇష్టం లేదు. "బ్రిడ్జి చూడకుండా పోతామా?" చూడకుండా పోయినా నాకేం ఫర్వాలేదు, నా మోకాళ్లు ఆ మాటే అంటున్నాయి. అయినా నడిచాం. దారిలో గోడలకు ఇంకా తూటాల గుంటలు. పైకప్పు లేని ఇళ్లలో చెట్లు మొలిచి కిటికీల్లోంచి కొమ్మలు బయటికి చాపాయి. అలాంటి ఒక ఇంటి పక్కనే కళ్లజోళ్ల షాపు, అద్దాలన్నీ తుడిచి తళతళలాడుతూ.

మోస్తార్ పాత వంతెన గురించి చదివినవాళ్లకు తెలిసిందే. 1566లో ఉస్మానియా తురుష్కుల కాలంలో మిమార్ హైరుద్దీన్ కట్టాడు. నదికి ఇటూ అటూ స్తంభం లేకుండా ఒకే కమాను. 427 ఏళ్లు నిలబడి, 1993 నవంబరు 9న క్రొయాట్ సేనల ఫిరంగి దెబ్బలకు నీళ్లలో పడింది. అదే రకం రాయితో మళ్లీ కట్టి 2004 జులైలో తెరిచారు, మరుసటి ఏడాది యునెస్కో జాబితాలోకి ఎక్కింది. ఇంత తెలిసీ దాని మీద నిలబడ్డప్పుడు నాకు కలిగింది ఒక్కటే భావం: ఈ రాయి ఇంత జారుడుగా ఎందుకుంది? లక్షల పాదాలు నునుపు చేసిన ఆ సున్నపురాయి నడి ఎండలో అద్దంలా మెరుస్తుంది. జారకుండా అడ్డంగా గట్లు పెట్టారు. బ్యాగు బరువుతో ఒక్కో గట్టూ పట్టుకుని వేళ్లతో పాకినట్టు నడిచాను. కమాను నడిమధ్యలో ఈత నిక్కరు వేసుకున్న కుర్రాడు రెయిలింగు మీద నిలబడి దూకేస్తున్నట్టు చేతులు చాపుతున్నాడు, మళ్లీ దిగుతున్నాడు. అతని దోస్తు టోపీ పట్టుకుని డబ్బులు పోగేస్తున్నాడు. టోపీ నిండితే గానీ దూకడు. కింద ఇరవై మీటర్లకు పైనే, నీళ్లు ఆ ఎండాకాలంలో కూడా ఎముకలు కొరికే చలి. పెద్దలు శతాబ్దాలుగా దూకిన వంతెన అది, ఇప్పుడు వీళ్ల ఉద్యోగం. మేం నిలబడ్డంతసేపూ టోపీ నిండలేదు.

అలసిన కళ్లకు గొప్ప కట్టడాలు ఆనవని అక్కడే ఒప్పుకున్నాను. నది గట్టున కోస్కి మెహ్మద్ పాషా మసీదు ఆవరణలో చెట్టు కింద నీళ్ల ఫౌంటెన్ ఉంది. అది మాత్రం బాగా ఆనింది. వంతెన ముఖచిత్రంలా ఎదురుగా కనిపిస్తూనే ఉంది గానీ నేను దానికి వీపు పెట్టి కూర్చుని మోచేతుల దాకా తడుపుకున్నాను. సీసా నింపుకోవడానికి వచ్చిన పెద్దాయన నా చెప్పులు తడుస్తాయని వాటిని కాలితో కాదు, వంగి చేత్తో పక్కకు జరిపాడు. పరాయి ఆడమనిషి చెప్పుల్ని. నేను లేవబోతే వద్దని చెయ్యి ఊపి వెళ్లిపోయాడు. వంతెన ఫొటోలు మా పిల్ల ఫోనులో వందకు పైగా ఉన్నాయి. ఆ ఊరు తలచుకుంటే మాత్రం నాకు వంగిన ఆ నడుమే గుర్తొస్తుంది.

కాఫీ కూడా చెప్పాలి. రాగి పళ్లెంలో పొడుగు కాడ ఉన్న రాగి గిన్నె, పిడికెడంత పింగాణీ గిన్నె, నీళ్ల గ్లాసు, చక్కెర ముక్కలు, గులాబీ వాసన వేసే మిఠాయి ముక్క. పొడి అడుక్కి దిగేదాకా ఆగాలి. చక్కెర కాఫీలో వెయ్యరు, ముక్క అంచు కాఫీలో ముంచి కొరికి, దాని మీద ఓ గుక్క తాగుతారు. నాకు గబగబా తాగేసి లేవడం అలవాటు. తెచ్చిచ్చిన అమ్మాయి నా ఖాళీ గిన్నె చూసి గాబరాపడింది, నాకేదో అత్యవసరమొచ్చిందనుకున్నట్టుంది. పక్క బల్ల దగ్గర ఇద్దరు ఆడవాళ్లు అవే గిన్నెలతో మేం రాకముందు నుంచీ ఉన్నారు, మేం లేచినప్పుడూ ఉన్నారు.

రెండో బస్సు పాతది. కిటికీలు తెరుచుకోవు, ఏసీ మొదటి నుంచీ లేదు. పైకప్పులో ఉన్న తలుపొకటి తెరిస్తేనే గాలి. వెనక సీటు కుర్రాడు లేచి దాన్ని తెరిచాడు. ముందు సీటావిడ లేచి మూసింది. ఆ తర్వాత జరిగిన సభకు మా పిల్లకు పక్కన కూర్చున్నాయన జర్మన్‌లో అర్థం చెప్పాడు. చెమట పట్టిన ఒంటికి అటూ ఇటూ గాలి తగిలితే మెడ పట్టేస్తుంది, చెవులు పోతాయి, కిడ్నీలు చెడిపోతాయి. ఇది ఆవిడ ఒక్కదాని నమ్మకం కాదు, బస్సులో యాభై దాటిన వాళ్లందరిదీ. కుర్రాళ్లది వేరే పార్టీ. తలుపు నాలుగుసార్లు తెరుచుకుని నాలుగుసార్లు మూసుకుంది. చివరికి కండక్టరు బెత్తెడు తెరిచి, రెండు వైపులకూ వేలు చూపించి, తీర్పు ఇచ్చి పోయాడు. ఆవిడ వెంటనే మెడకు రుమాలు చుట్టుకుంది.

ఆ ఉక్కలో నాకు నిద్ర పట్టేసింది. మోస్తార్ నుంచి పైకి నెరెత్వా లోయ యూరప్‌లోని అందమైన దారుల్లో ఒకటంటారు. ఒక పక్క నిలువు కొండలు, ఒక పక్క నది, అవతలి ఒడ్డున రైలు సొరంగాలు. తల అద్దానికి కొట్టుకున్నప్పుడల్లా కళ్లు తెరిస్తే మరకతం రంగు నీళ్లు, మళ్లీ చీకటి. యబ్లానిత్సాకు ముందు దొన్యా యబ్లానిత్సా అనే చిన్న పల్లె ఉంది. దాన్ని నేను నిద్రలోనే దాటాను. ఇంటికి వచ్చాక, అక్టోబరు 4 తెల్లవారుజామున వానకు ఆ పల్లె మీదికి పైనున్న రాతి క్వారీ జారిపడిందని వార్తల్లో చూశాను. ఇళ్లు కప్పుల దాకా కంకరలో కూరుకుపోయాయి. అక్కడ 20 మంది దాకా పోయారు. రోడ్డూ రైలూ తెగిపోయాయి. టీవీ తెర మీద ఆ రాళ్ల గుట్ట కింద ఏ ఇల్లు ఉండేదో పోల్చుకుందామని మా పిల్ల ఫోనులో ఫొటోలు వెతికాను. ఆ మలుపుల్లో అదీ నిద్రపోయిందట.

యబ్లానిత్సాలో బండి భోజనాలకు ఆగింది. ఊరంతా గొర్రె పిల్ల కాలుతున్న వాసన. కొన్ని హోటళ్ల ముందు నీటి చక్రాలున్నాయి. కొండ నీటి ధార ఆ చక్రాన్ని తిప్పితే, చక్రం ఇనుప కడ్డీని తిప్పితే, కడ్డీకి గుచ్చిన గొర్రెపిల్ల నిప్పుల మీద నెమ్మదిగా తిరుగుతూ కాలుతుంది. మనిషి పని నిప్పు చూసుకోవడమే. మాంసం కిలో లెక్కన తూచి, రొట్టె, పచ్చి ఉల్లి ముక్కలు పక్కన పెట్టి ఇస్తారు. ఉప్పు తప్ప మసాలా ఏమీ లేదు. ఆ ఎండలో, ఆ ఒళ్లు నొప్పుల్లో, అంత రుచి నాకు మళ్లీ తగల్లేదు. కారప్పొడి తెచ్చుకున్నాం గానీ దాని సీసా మూత తీయలేదు, ఇది మాత్రం రాసిపెట్టుకోవాల్సిన సంగతి.

ఊరి అంచున నదిలోకి ఒరిగిపోయిన ఇనుప రైలు వంతెన. 1943లో టిటో గెరిల్లా దళాలు జర్మన్లను ఏమార్చడానికి వంతెన పేల్చేసి, తర్వాత దాని శిథిలాల మీదుగానే గాయపడిన వాళ్లను దాటించాయి. ఆ ఘట్టం మీద 1969లో యుగోస్లావియా భారీ సినిమా తీసింది. ఆ సినిమా కోసం వంతెనను కట్టి మళ్లీ పేల్చారు. పొగ అంతా కమ్మేసి ఆ పేలుడు సరిగ్గా కెమెరాకు అందలేదని చెబుతారు. మొత్తానికి ఆ వంతెన ఒకసారి నిజంగా కూలింది, మళ్లీ సినిమాకి కూలింది. అక్కడి వాళ్లు దాన్ని ఎత్తకుండా అలాగే ఉంచుకున్నారు.

జర్మన్ మాట్లాడే ఆ పెద్దాయనకు అరవై పైనే. స్టుట్‌గార్ట్ దగ్గర ఏదో ఊళ్లో టైల్స్ పరిచే పని. వాళ్ల నాన్న కూడా జర్మనీ వెళ్లినవాడే. 1968లో పశ్చిమ జర్మనీ యుగోస్లావియాతో కూలీల ఒప్పందం చేసుకున్నాక వెళ్లిన మొదటి తరం. ఈయన 1992లో యుద్ధం తరిమితే వెళ్లాడు. ఏటా ఆగస్టులో వస్తాడు. మోస్తార్‌లో ఇంటి కాగితాల పని చూసుకుని ఊరికి తిరిగి పోతున్నాడు. మా పిల్ల అడుగుతోంది, ఆయన చెబుతున్నాడు, మధ్యలో పిల్ల నాకు తెలుగులో చెబుతోంది. బోస్నియా తాపీ మనిషీ జగిత్యాల పిల్లా ఇద్దరూ బతుకుతెరువు కోసం నేర్చుకున్న మూడో దేశపు భాష అది. ఇద్దరూ ఒకే చోట తడబడ్డారు, క్రియ చివర పెట్టే చోట. చివర క్రియ పెట్టడం మనకు అలవాటేగా అంటే, "అదే అత్తా, సగం వాక్యాల్లోనే పెట్టాలి, ఏ సగమో తెలిసి చావదు" అంది. ఆ మాట ఆయనకు ఎలా చెప్పిందో, పెద్దగా నవ్వాడు.

యబ్లానిత్సా సరస్సు మొదలైంది. 1950ల్లో నెరెత్వాకు ఆనకట్ట కట్టగా నిండిన నీళ్లు. ఆనకట్ట మాటలయ్యాక ఆయన వాలు మీదున్న ఇళ్లు చూపించడం మొదలుపెట్టాడు. అదిగో అది ఆస్ట్రియాలో ఉన్నవాళ్లది. అది స్వీడన్. ఆ బాల్కనీల ఇల్లు స్లొవేనియా. కోన్యిత్స్ దగ్గర పడుతుండగా లేచి నిలబడి తనది చూపించాడు. మూడంతస్తులు. కింది అంతస్తుకు సున్నం వేశారు, మధ్యది ఉత్త ఎర్ర ఇటుక, పైదానికి గోడలే లేవు, స్తంభాల చువ్వలు ఆకాశంలోకి నిలబడి ఉన్నాయి. పైది కొడుక్కట. కొడుకు రాడు. కొడుక్కి ఈ భాష రాదు.

నాకు నోట మాట రాలేదు. ఎందుకంటే ఆ ఇల్లు నాకు తెలుసు. కోరుట్ల, మెట్‌పల్లి, ఆర్మూరు దారిలో బస్సులో పోతే రెండు పక్కలా ఆ ఇల్లే. దుబాయిలో, మస్కట్‌లో, బహ్రెయిన్‌లో పనిచేసే వాళ్లు సెలవుకు వచ్చినప్పుడల్లా ఒక్కో గది కట్టుకుంటూ పోతారు. చువ్వలు వదిలేస్తారు, పైన ఇంకో అంతస్తు లేస్తుందని. ఆ చువ్వలకు తుప్పు పడుతుంది, కొడుకు హైదరాబాదులోనో ఇంకా దూరంలోనో ఫ్లాటు కొంటాడు. కింద ముసలి తల్లి ఒక్కతే ఉంటుంది. మా చిన్నాన్న ఇల్లు అలాంటిదే. నేను యూరప్ చూడ్డానికి వచ్చి నెరెత్వా ఒడ్డున మా చిన్నాన్న ఇంటి ముందు ఆగాను. తేడా ఏమైనా ఉందా అంటే ఉంది. వాళ్లకు జర్మనీ ఒక రాత్రి బస్సు దూరం, పెళ్లాం పిల్లల్ని తీసుకుపోగలిగారు, పింఛను వస్తుంది. మావాళ్లకు గల్ఫ్‌లో ఎన్నేళ్లు చేసినా ఆ దేశం వాళ్లది కాదు. పాస్‌పోర్టు కూడా చాలాసార్లు చేతిలో ఉండదు. పిల్లకు చెప్పి ఆయనకు చెప్పించాను, మా ఊళ్లోనూ ఇలాంటి ఇళ్లున్నాయని. "చువ్వలతోనేనా?" అని అడిగాడట. చువ్వలతోనే.

ఆయన దిగేటప్పుడు డిక్కీ దగ్గర కండక్టరుతో లగేజీ డబ్బుల గురించి గట్టిగా పోట్లాడాడు, ఒక మార్కు కోసం. జర్మనీలో సంపాదిస్తున్నవాడు కదా అనుకున్నాను. ఇంకొకరి దేశంలో ముప్ఫై ఏళ్లు తల వంచుకుని పనిచేసిన మనిషికి సొంత ఊరి బస్సు దగ్గర అరిచే హక్కు ఉండాలి మరి. గెలిచాడు కూడా. గెలిచి అదే మార్కు కండక్టరు చేతిలో పెట్టి కాఫీ తాగమన్నాడు.

కోన్యిత్స్ తర్వాత నది మమ్మల్ని వదిలేసింది. బస్సు ఇవాన్ కనుమ ఎక్కింది. దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తు. మధ్యధరా వాతావరణానికీ లోపలి బోస్నియాకీ అది గట్టు. సొరంగంలో దూరినప్పుడు ఎండ, బయటికొచ్చినప్పుడు వాన. ఎవరో పైకప్పు తలుపు పూర్తిగా తెరిచారు. ఈసారి మెడకు రుమాలు కట్టుకున్నావిడ కూడా మూయలేదు. చినుకులు నడిమధ్య సీట్ల మీద పడుతుంటే అందరూ లేచి వాటి కింద నిలబడ్డారు. పొద్దుటి నుంచీ ఒకరినొకరు చూడని వాళ్లు ఆ కాసేపు ముఖాలు తుడుచుకుంటూ మాట్లాడుకున్నారు.

చీకటి పడ్డాక ఇలిద్జా మీదుగా సరయేవోలోకి. లోపలికి పోయే ఆ పొడుగు రోడ్డు మీద ముట్టడి రోజుల్లో చుట్టూ ఉన్న కొండల మీద నుంచి కాల్చేవారు. 1992 ఏప్రిల్ నుంచి 1996 ఫిబ్రవరి దాకా, 1425 రోజులు. ఇప్పుడు సూపర్ మార్కెట్లు, కార్ల షోరూములు, ట్రామ్ పట్టాలు. కొన్ని మేడల గోడల మీద మాత్రం గుండ్ల దెబ్బలు పూడ్చిన సిమెంటు అతుకులు, రంగు కలవక దీపాల వెలుతురులో పొడలుపొడలుగా కనిపిస్తాయి. స్టేషను దగ్గర ట్రామెక్కాం. నాకు సీటు ఇచ్చిన కుర్రాడు చెవుల్లోంచి పాటల వైరు కూడా తీయలేదు, చూడను కూడా చూడలేదు, లేచాడంతే. లాటిన్ వంతెన, 1914లో మొదటి ప్రపంచ యుద్ధానికి కారణమైన తుపాకి పేలిన మూల, పక్కనుంచి పోయింది. ఆ తర్వాత పాత పురపాలక భవనం. లైబ్రరీగా ఉండగా దాన్ని 1992లో ఇదే నెల చివర్లో కాల్చేశారు, 2014లో తిరిగి తెరిచారు. నేను కిటికీలోంచి చూసి, రేపు చూద్దాం అనుకున్నాను. చరిత్రకు రేపు చెప్పగల స్థితికి వచ్చేశానన్నమాట.

పాత బజారు బాష్చార్షియాలో దుకాణాలు మూసేస్తున్నారు. ఒక్క రొట్టెల కొట్టులో దీపముంది. పలుచటి పిండి పొరల్లో కూర చుట్టి, చుట్టలు చుట్టి, పెద్ద పళ్లేల్లో నిప్పుల కింద కాల్చే తిండి. ఆలుగడ్డది, పాలకూర జున్నుది కాసిన్ని ముక్కలు మిగిలాయి. కొట్టాయన తూకం వెయ్యలేదు, పళ్లెంలో ఉన్నదంతా గీకి ఇచ్చి, గ్లాసుల్లో చిక్కటి మజ్జిగలాంటి పెరుగు పోశాడు. తినడం మొదలుపెట్టాక మేం కాసేపు మాట్లాడుకోలేదు. తర్వాత పిల్ల ఫోను చూస్తూ ఆయన్ని అడిగింది, బెల్‌గ్రేడ్ బస్సు ఎక్కడ దొరుకుతుందని. మేం దిగిన స్టేషనే కదా.

కాదట. అక్కడ మోస్తార్, జాగ్రెబ్, జర్మనీ బస్సులు దొరుకుతాయి. బెల్‌గ్రేడ్‌కు ఎక్కువ బస్సులు పోయేది ఊరి అవతలి అంచున లుకావిత్సాలో ఉన్న ఇంకో బస్టాండు నుంచి. 1995 డేటన్ ఒప్పందం దేశాన్ని రెండు ముక్కలుగా పంచినప్పుడు ఆ అంచు సెర్బుల రిపబ్లికా వైపు పడింది. ఒకే ఊరు, రెండు బస్టాండ్లు. ట్రాలీబస్సెక్కి చివరి స్టాపు దోబ్రిన్యాలో దిగి, అక్కడి నుంచి నడిచి పోవాలి. రొట్టె చుట్టే కాగితం చింపి ఆయన దారి గీశాడు.

"మళ్లీ పాస్‌పోర్టులు చూపించాలా?" అంది మా పిల్ల నీరసంగా.

ఆయన నవ్వలేదు. అక్కడ గీత ఏమీ ఉండదని, బోర్డుల మీద లిపి మారుతుందని, అంతేనని చెప్పాడు. తను కూడా చవకైన మాంసం కోసం వారానికోసారి అటు పోతాడట. వాళ్లూ ఇటు రొట్టెల కోసం వస్తారట. కాగితం మీద మా స్టాపు చుట్టూ సున్నా చుట్టి, బస్సు వేళ రాసి, చిల్లర తప్పకుండా పెట్టుకోండి, లగేజీకి విడిగా అడుగుతారు అన్నాడు.